నెల తప్పింది, ఇంట్లో ఎవరికీ తెలియదు: టీనేజ్‌లో అనుకోని గర్భం వస్తే ఏం చేయాలి

నీకు పదిహేనో, పదహారో, పద్దెనిమిదో ఏళ్లు ఉండి, పీరియడ్ రావాల్సిన తేదీ దాటిపోయి, రోజుకి పదిసార్లు బాత్రూమ్‌లోకి వెళ్లి చూసుకుంటూ ఉంటే ఇది నీకోసమే రాస్తున్నాను. ఎందుకిలా చేశావని నేను అడగను. అడిగేవాళ్లు నీ చుట్టూ ఎలాగూ ఉంటారు. ఈ విషయంలో ఎక్కువ నష్టం చేసేది గర్భం కంటే దాన్ని దాచిపెట్టుకుని వారాలు గడిపేయడం. బిడ్డను కనాలనుకున్నా, వద్దనుకున్నా, ఇంకా ఏమీ తేల్చుకోలేకపోతున్నా, ముందుగా డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లకి దారులు ఎక్కువ ఉంటాయి, ప్రమాదం తక్కువ ఉంటుంది. మిగతా విషయాలన్నీ దీని తర్వాతే.

ముందు నిజమో కాదో తేల్చుకో

రజస్వల అయిన మొదటి కొన్నేళ్లలో పీరియడ్స్ సరిగ్గా తేదీకి రాకపోవడం మామూలే. పరీక్షల టెన్షన్, బాగా బరువు తగ్గడం, పీసీఓడీ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య), థైరాయిడ్, వీటిలో దేనివల్లైనా ఆలస్యం కావచ్చు. కాబట్టి ఆలస్యమైంది కదా అని గర్భమే అనుకోనక్కర్లేదు. అలాగే కొంచెం రక్తం కనిపించింది కదా అని గర్భం లేదని కూడా అనుకోకూడదు, ఎందుకంటే మొదటి వారాల్లో కొంతమందికి రక్తపు మరకలు కనిపిస్తాయి, వాళ్లు దాన్నే పీరియడ్ అనుకుని రెండు మూడు నెలలు గడిపేస్తారు. వికారం, రొమ్ములు నొప్పిగా ఉండటం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, ఎంత నిద్రపోయినా నీరసం, ఇవి కొందరికి ఉంటాయి, కొందరికి ఏవీ ఉండవు. లక్షణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, టెస్ట్ చేసుకో.

మెడికల్ షాపుల్లో దొరికే ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్ ఉందో లేదో చూస్తుంది. పీరియడ్ రావాల్సిన రోజు దాటాక చేస్తే ఫలితాన్ని నమ్మొచ్చు. నీ పీరియడ్స్‌కి తేదీ అంటూ లేకపోతే, జాగ్రత్తలు లేకుండా చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు అయ్యాక చేయి. పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో చేయడం మంచిది. కిట్ మీద ఎక్స్‌పైరీ తేదీ చూడు, ఎన్ని నిమిషాల్లో చూడమని రాశారో ఆ సమయంలోనే చూడు. ఆ సమయంలో రెండో గీత మసకగా కనిపించినా గర్భం ఉన్నట్టే లెక్క. గంట తర్వాత కనిపించే గీతని పట్టించుకోవద్దు. ఒక్క గీతే వచ్చి, పీరియడ్ మాత్రం ఇంకా రాకపోతే వారం ఆగి మళ్లీ చేయి. కొనడానికి భయమేస్తే ఏ క్లినిక్‌లో అయినా మూత్ర పరీక్ష చేస్తారు.

ఇది చదువుతున్న నీకు సెక్స్ జరిగి ఇంకా 5 రోజులు దాటకపోతే మాత్రం టెస్ట్ దాకా ఆగొద్దు. అత్యవసర గర్భనిరోధక మాత్ర ఉంటుంది, 5 రోజుల లోపు ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అదే 5 రోజుల లోపు డాక్టర్ చేత కాపర్ టీ (గర్భసంచిలో పెట్టే చిన్న రాగి పరికరం) పెట్టించుకోవడం కూడా ఒక మార్గం, అది మాత్రకంటే గట్టిగా పనిచేస్తుంది. ఆ మాత్ర అండం విడుదల కాకుండా ఆపుతుంది, అంతే. అప్పటికే గర్భం ఉంటే దాన్ని తీసేయదు. ఆ సంగతి తెలియక నెల తప్పాక అదే మాత్రని మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లున్నారు, దానివల్ల ఉపయోగం లేదు, రోజులు పోతాయి.

ఎన్నో వారం అన్నదే అసలు లెక్క

టెస్ట్‌లో రెండు గీతలు వచ్చాయి. కాళ్లూ చేతులూ ఆడవు, తెలుసు. ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. ఒక్క పని చేయి: చివరి పీరియడ్ మొదలైన తేదీ గుర్తు తెచ్చుకుని ఎక్కడైనా రాసి పెట్టుకో.

డాక్టర్లు గర్భాన్ని ఆ తేదీ నుంచే లెక్కపెడతారు, కలిసిన రోజు నుంచి కాదు. అందుకే "మేం కలిసి మూడు వారాలే అయింది, అయిదు వారాలంటారేంటి" అని చాలామంది అయోమయపడతారు. ఆ లెక్క తప్పు కాదు, అందరికీ అలాగే వేస్తారు. పూర్తి గర్భం ఆ లెక్కన 40 వారాలు. తేదీ అస్సలు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, స్కానింగ్‌లో తెలుస్తుంది, తొలి నెలల్లో చేసే స్కాన్‌లో ఈ లెక్క బాగా కచ్చితంగా వస్తుంది.

స్కాన్ మరో కారణానికి కూడా ముఖ్యం. ఒక్కోసారి గర్భం గర్భసంచిలో కాకుండా, అండం గర్భసంచిలోకి వచ్చే ట్యూబ్‌లో పెరుగుతుంది. అరుదే, కానీ ట్యూబ్ పగిలితే ప్రాణం మీదకి వస్తుంది. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పినట్టు అవడం, రక్తస్రావం, వీటిలో ఏది వచ్చినా ఇంట్లో ఏమంటారో అని ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లిపో. అర్ధరాత్రి అయినా సరే.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అందరికీ చెప్పనక్కర్లేదు, ముందు ఒక్కరికి చెప్పు. ఆ ఒక్కరు పెద్దవాళ్లయి ఉండాలి: అమ్మ, నాన్న, అక్క, పిన్ని, అత్త, టీచర్, స్కూల్ కౌన్సిలర్, నర్సు, ఎవరైనా. ఫ్రెండ్‌కి చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుంది, కానీ ఆమెకీ నీ వయసే, డాక్టర్ దగ్గర పక్కన నిలబడి మాట్లాడే పని ఆమె వల్ల కాదు. ఎవరిని ఎంచుకోవాలో తెలియకపోతే, ఇదివరకు నువ్వు ఏదైనా తప్పు చేసి దొరికినప్పుడు ఎవరు ముందు విన్నారో, ఎవరు ముందు అరిచారో గుర్తు తెచ్చుకో.

మాటలు ముందే అనుకుని పెట్టుకో. "అమ్మా, నీతో ఒక విషయం చెప్పాలి, చాలా భయంగా ఉంది, నేను మొత్తం చెప్పేదాకా ఏమీ అనకు. నాకు పీరియడ్ రాలేదు, టెస్ట్ చేసుకున్నాను, పాజిటివ్ వచ్చింది. డాక్టర్ దగ్గరికి నాతో రా." ఇంతే చాలు. అబ్బాయి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నలకి అదే నిమిషంలో జవాబు చెప్పి తీరాలని లేదు. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి చేతికిచ్చి పక్కనే కూర్చో. ఫోన్‌లో మెసేజ్ పెట్టినా తప్పులేదు.

అమ్మ ఏడవచ్చు, నాన్న మాట్లాడటం మానేయొచ్చు, ఎవరో ఒకరు అనకూడని మాట అనొచ్చు. నీకు ఈ వార్త అలవాటు కావడానికి కొన్ని రోజులు పట్టాయి కదా, వాళ్లు ఇప్పుడే విన్నారు. మొదటి రోజు అన్న మాటనే చివరి మాటగా తీసుకోవద్దు.

ఇది అందరి ఇళ్లకీ వర్తించదని నాకు తెలుసు. చెబితే కొడతారని, ఇంట్లోంచి గెంటేస్తారని, ప్రాణానికే ప్రమాదమని నీకు అనిపిస్తే ఒంటరిగా చెప్పనే చెప్పకు. ముందు డాక్టర్‌కో, టీచర్‌కో, నువ్వు నమ్మే బంధువుకో చెప్పి వాళ్లని పక్కన పెట్టుకుని చెప్పు, ఆ రాత్రి ఉండటానికి వేరే చోటు ముందే చూసుకో.

ఇంకో మాట. నీ ఇష్టం లేకుండా జరిగితే, బెదిరించి చేస్తే, నీకంటే చాలా పెద్దవాడు చేస్తే, ఇంట్లో మనిషే చేస్తే, అందులో నీ తప్పు రవ్వంత కూడా లేదు. నువ్వు గట్టిగా వద్దనలేకపోయినా, మళ్లీ అతనితో మామూలుగా మాట్లాడినా సరే, తప్పు నీది కాదు. డాక్టర్‌కి ఆ సంగతి చెప్పు. జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ సోకకుండా మందులు మొదలుపెట్టొచ్చు, సాక్ష్యాలు కూడా సేకరించొచ్చు, అందుకే వెంటనే వెళ్లమంటున్నాను. ఎక్కువ రోజులైపోయినా వెళ్లు.

డాక్టర్ దగ్గర

గదిలోకి వెళ్లగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "నేను చెప్పేది ఎవరెవరికి చెబుతారు?" చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి. చాలా చోట్ల అమ్మాయి వయసు తక్కువైతే పోలీసులకో, పిల్లల సంరక్షణ చూసే శాఖకో డాక్టర్ తెలియజేయాల్సి ఉంటుంది, కొన్ని చోట్ల తల్లిదండ్రుల సంతకం కావాలి. ముందే అడిగి తెలుసుకుంటే తర్వాత మోసపోయానన్న బాధ ఉండదు. కానీ ఈ భయంతో వెళ్లడమే మానేయకు. అమ్మతో వెళ్లినా, కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడతానని అడగొచ్చు, చాలామంది డాక్టర్లు వాళ్లే అడుగుతారు.

బీపీ చూస్తారు, రక్తం తీసి హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ లాంటివి చూస్తారు, మూత్ర పరీక్ష, స్కాన్ ఉంటాయి. మొదటి వారాల్లో ఒక్కోసారి స్కాన్‌ని యోని లోపలి నుంచి చేయాల్సి వస్తుంది. ముందే చెప్పి, నువ్వు సరేనన్నాకే చేయాలి. లేడీ డాక్టర్ కావాలని, పక్కన తోడు ఉండాలని అడుగు. నీ శరీరం గురించి అడగడానికి మొహమాటపడకు.

వాడుతున్న మందులన్నీ చెప్పు. ముఖ్యంగా మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి చాలా హాని చేస్తాయి. ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే వెంటనే ఆపేసి డాక్టర్‌కి చెప్పు. ఫిట్స్ మందు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, ఆ రోజే డాక్టర్‌ని అడుగు. నిర్ణయం ఇంకా తేలకపోయినా ఈలోపు సిగరెట్, మద్యం, మత్తు పదార్థాలు పూర్తిగా మానేయి, డాక్టర్ ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర, మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు, మొదలుపెట్టు. తర్వాత గర్భం వద్దనుకున్నా దానివల్ల నీకొచ్చే నష్టమేమీ లేదు.

నిర్ణయం

ఉన్నవి మూడు దారులు: కని పెంచుకోవడం, కని దత్తత ఇవ్వడం, అబార్షన్. ఏది మంచిదో నేను చెప్పను. నువ్వు ఉన్న చోట చట్టం ఏది ఒప్పుకుంటుందో, ఎన్ని వారాల వరకు ఒప్పుకుంటుందో డాక్టర్‌ని అడిగి, ఆఖరి తేదీ ఏదో కాగితం మీద రాయించుకో. ఆ తేదీ తెలిస్తే ఎన్ని రోజులు ఆలోచించుకోవచ్చో తెలుస్తుంది. ఒక్క దారి గురించే మాట్లాడుతూ, మిగతా రెండింటి గురించి అడిగితే భయపెట్టే చోటు ఏదైనా సరే, అక్కడినుంచి వచ్చేసి ఇంకో డాక్టర్‌ని కలువు.

అబార్షన్ చట్టబద్ధంగా, శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లో, వారాలకి తగిన పద్ధతిలో జరిగితే సురక్షితమైనదే, తర్వాత పిల్లలు పుట్టకుండా పోరు. తొలి వారాల్లో రెండు రకాల మాత్రలతో, మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్, లేదా సక్షన్ పద్ధతిలో, అంటే సన్నని గొట్టంతో లోపలిది పీల్చి తీసి, చేస్తారు. మాత్రలతో అయితే మామూలు పీరియడ్ కంటే ఎక్కువ నొప్పి, ఎక్కువ రక్తస్రావం ఉంటాయని ముందే తెలిసి ఉండాలి. గంటకి రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతున్నా, జ్వరం తగ్గకపోయినా, దుర్వాసనతో ద్రవం వస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎవరో చెప్పారని ఏవేవో తినడం, పొట్ట మీద కొట్టించుకోవడం, లోపలికి ఏదైనా పెట్టుకోవడం, మాత్రలు ఎన్నో వారమో తెలియకుండా దొంగచాటుగా తెప్పించి వేసుకోవడం, వీటివల్ల గర్భసంచికి చిల్లులు పడి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణాలు పోతాయి. ఇప్పటికే అలాంటిది చేసి ఉంటే డాక్టర్ దగ్గర దాచకు. ఏం చేశావో తెలిస్తేనే సరైన వైద్యం చేయగలరు.

కనాలనుకుంటే, పంతొమ్మిదేళ్ల లోపు తల్లులకి రక్తహీనత, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, నెలలు నిండకుండా కాన్పు కావడం లాంటి ప్రమాదాలు పెద్దవాళ్లకంటే ఎక్కువ. భయపెట్టడానికి చెప్పట్లేదు. క్రమం తప్పకుండా చెకప్‌కి వెళితే వీటిలో చాలావాటిని ముందే కనిపెట్టి చికిత్స చేయొచ్చు. గర్భం మొత్తంలో కనీసం 8 సార్లు చూపించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఐరన్ మాత్రలు మానకు. పొట్ట కనబడకుండా బిగించి కట్టుకోవడం, లావెక్కుతున్నానని తిండి మానేయడం చేయకు. బిడ్డని పెంచాలంటే ఖర్చు ఎవరు పెడతారు, రాత్రిళ్లు ఎవరు లేస్తారు, నువ్వు క్లాసులో ఉంటే బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఇంట్లో ముందే, పేర్లు పెట్టి మాట్లాడుకోండి. "అందరం చూసుకుంటాంలే" అంటే ఆఖరికి ఎవరూ చూసుకోకపోవచ్చు.

దత్తత చట్ట ప్రకారమే జరగాలి. చాలా దేశాల్లో బిడ్డ పుట్టాకే తల్లి సంతకం తీసుకుంటారు, మనసు మార్చుకోవడానికి గడువు కూడా ఇస్తారు. డబ్బిస్తాం, గుట్టుగా తీసుకెళ్లిపోతాం అనేవాళ్లకి బిడ్డని ఇవ్వకు.

పెళ్లి చేసేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, అది నాలుగో దారి కాదు. గర్భం గురించిన నిర్ణయం వేరు, జీవితాంతం ఎవరితో ఉండాలన్న నిర్ణయం వేరు. రెండోదానికి వారాల గడువేమీ లేదు, కాబట్టి దానికి తొందరపడే పనే లేదు.

అబ్బాయికి

ఇందులో సగం నీది. ఫోన్ స్విచాఫ్ చేస్తే నీకు తీరిపోతుందేమో, ఆమెకి తీరదు. ఆమె చెప్పగానే "నాదేనా" అని అడగకు. "నీకేం కావాలి, నేనేం చేయాలి" అని అడుగు. నీ ఇంట్లో ఒక పెద్దవాళ్లకి చెప్పు. ఆసుపత్రికి ఆమె రమ్మంటే వెళ్లు, వద్దంటే ఖర్చులో నీ వాటా ఇవ్వు. కనాలో వద్దో ఆమె శరీరానికి సంబంధించింది, బలవంతపెట్టే హక్కు నీకు లేదు. బిడ్డ పుడితే మాత్రం తండ్రిగా బాధ్యత చాలా దేశాల చట్టాల్లో నీ మీద ఉంటుంది, నీకు వయసు తక్కువైనా సరే. నీకూ భయంగానే ఉంటుంది, దాని గురించి మాట్లాడుకోవడానికి ఆమెను కాకుండా ఇంకొకరిని చూసుకో.

అమ్మానాన్నలకి

మీ అమ్మాయి మీకు చెప్పిందంటే మీ మీద ఇంకా నమ్మకం ఉందని. ఆ పూట ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోండి చాలు, కోపం రేపు పడొచ్చు. ఫోన్ లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వేయడం, చదువు మాన్పించడం వద్దు. ఆమె తిన్నదా, నిద్రపోయిందా, బలవంతం ఏదైనా జరిగిందా, ఈ మూడే ముందు తెలుసుకోండి.

మనసు సంగతి

ఏడుపు, కోపం, ఏమీ పట్టనట్టు ఉండటం, ఒక్కోసారి సంతోషం కూడా, అన్నీ ఒకే రోజు రావొచ్చు. ఏ దారి ఎంచుకున్నా తర్వాత దిగులు రావొచ్చు, దిగులు వచ్చిందంటే నిర్ణయం తప్పని కాదు. కాన్పు తర్వాత కొన్ని రోజులు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డని చూడాలనిపించకపోతే, నిద్ర పట్టకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ నిమిషంలోనే పక్కనున్న మనిషికి చెప్పు, ఎవరూ లేకపోతే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో అత్యవసర నంబర్‌కో ఫోన్ చేయి, ఒంటరిగా ఉండకు. ఈ పరిస్థితి ఎంత పెద్దదిగా కనిపిస్తున్నా దీన్ని దాటి, చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ బతుకుతున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరికీ చెప్పుకోరు కాబట్టి నీకు కనబడరు.

ఇక ఆగకుండా పరుగెత్తాల్సిన సందర్భాలు

గర్భం కొనసాగుతుంటే ఇవి గుర్తుపెట్టుకో, నీ తోడున్నవాళ్లకి కూడా చెప్పు: తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు కమ్మడం, మొహం చేతులు ఉన్నట్టుండి వాయడం, ఫిట్స్, ఎంత కొద్దిగా అయినా రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, బిడ్డ కదలికలు తగ్గిపోవడం. మొదటి కాన్పులో కదలికలు మామూలుగా 18 నుంచి 20 వారాల మధ్య, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా తెలుస్తాయి.

తర్వాత

అబార్షన్ అయ్యాక రెండు వారాల లోపే మళ్లీ అండం విడుదల కావచ్చు, కాన్పు తర్వాత కూడా పీరియడ్ రాకముందే మళ్లీ గర్భం రావచ్చు. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేముందే గర్భనిరోధకం గురించి అడుగు. కాపర్ టీ, చేతిలో చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ టీనేజ్ వాళ్లకీ పనికొస్తాయి, రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు, తీయించేసుకుంటే మళ్లీ గర్భం వస్తుంది. అవి సుఖవ్యాధుల్ని ఆపవు, దానికి కండోమ్ కావాలి, రెండూ కలిపి వాడొచ్చు. ఇప్పుడు నీకు సెక్స్ అన్న మాట వింటేనే చిరాకేస్తున్నా అడిగి పెట్టుకో.

చదువు విషయానికొస్తే, టీసీ తీసుకోవద్దు, సెలవు అడుగు. పేరు స్కూల్లో ఉంటే తిరిగి వెళ్లడం తేలిక, తీసేయించుకున్నాక మళ్లీ చేరడానికి కాళ్లరిగేలా తిరగాలి. పరీక్షలు తర్వాత రాయొచ్చా, ఇంట్లో ఉండి చదవొచ్చా, ప్రైవేటుగా కట్టొచ్చా అని హెడ్‌మాస్టర్‌ని నీ తరఫున పెద్దవాళ్లు ఎవరైనా వెళ్లి అడగాలి, ఏది ఒప్పుకున్నా రాతపూర్వకంగా తీసుకోవాలి. తోటివాళ్లకి కారణం చెప్పాల్సిన అవసరం లేదు, ఒంట్లో బాగోలేదంటే సరిపోతుంది.